మొదటి సొరకాయ

"నీ నోటితో చెప్పు తమ్ముడూ. నేను చెబితే బావగారి పెత్తనం అంటుంది."

లెవి గుమ్మం దగ్గరి కాళ్ళపట్టా మీదే నిలబడ్డాడు. బూట్లు విప్పలేదు. ఇన్నేళ్ళలో అన్నయ్య ఈ ఇంట్లో బూట్లతో నిలబడటం కృపావరం ఎన్నడూ చూడలేదు. ఆయన మాటలకంటే ముందు ఆ బూట్లనే చూశాడు. ఈ పూట కూర్చోడు, కాఫీ తాగడు అని అప్పుడే తెలిసిపోయింది.

డైనింగ్ టేబుల్ దగ్గర లూసీ యూనివర్సిటీ పుస్తకాలను అట్టపెట్టెలో సర్దుతోంది. తలెత్తలేదు.

"ఏం చెప్పమంటావన్నయ్యా?" అన్నాడు కృపావరం.

"ఆ చదువు మానమని చెప్పు. లేదంటే పోయిన ఆదివారం చర్చిలో నిలబడి చదివింది తప్పని, అదే చోట నిలబడి చెప్పమను. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే."

కృపావరం చూపు మళ్ళీ అన్నయ్య బూట్ల మీదికి పోయింది. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఒళ్ళంతా తెల్లటి ముసుగు తొడుక్కుని, కళ్ళు తప్ప ఏదీ కనబడకుండా యంత్రాల మధ్య తిరిగే ఉద్యోగం అతనిది. అక్కడ మాటలతో పని తక్కువ. ఇంటికొచ్చాక కూడా ఈయన ఆ ముసుగు తీయరని లూసీ వేళాకోళమాడుతుంది.

"మమ్మీ జస్ట్ వాళ్ళని ఆస్క్ చేసింది పెదనాన్నా," అంది క్రిస్టీ మెట్ల మీంచి. "వాళ్ళు చెప్పింది రీడ్ చేసింది. దాంట్లో బ్యాడ్ ఏముంది?"

"నువ్వు లోపలికెళ్ళు తల్లీ. ఇది పెద్దవాళ్ళ గొడవ."

"నాకు సిక్స్‌టీన్ వచ్చింది."

"అందుకే వెళ్ళమంటున్నా. ఆరేళ్ళదానివైతే ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాణ్ణి."

క్రిస్టీ వెళ్ళలేదు. మెట్టు మీదే కూర్చుంది.

లూసీ పుస్తకం కింద పెట్టింది. "బావగారూ, నేను అత్తయ్య పేరు తగ్గించాలని చదవలేదు. మన ఊరి దీనమ్మ ఫోన్‌లో ఏం చెప్పిందో అదే చదివాను."

"దీనమ్మకేం తెలుసు, మా అమ్మ పేరున గంట గోపురం కడుతున్నామని?"

"నేనే చెప్పాను. గోపురం మంచిదేనంది. కానీ గోపురం ఎక్కి మేం టౌనుకు పోలేం కదమ్మా అంది."

మెట్టు మీద క్రిస్టీ ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లెవి ముఖం ఇంకా మాడింది.

పోయిన ఆదివారం చర్చిలో కలకలం రేపింది ఆ మాటే. సొంతూరు దిబ్బపాలెంలో చర్చి పాత గంట పగిలింది. తల్లి ఆ గంట విని లేచేది కాబట్టి అక్కడ గోపురం కట్టి కొత్త గంట వేలాడదీయాలని లెవి ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. తాము ఉంటున్న చాండ్లర్‌లోని తెలుగు చర్చి ఈ ఏటి కానుక దానికేనని అందరికీ తెలుసు. అలాంటిది, ఆ ఊరి ఆడవాళ్ళకు ఫోన్లు చేసి మీకేం కావాలని లూసీ అడిగింది. చేపల బుట్టలు ఎక్కించుకుని టౌను మార్కెట్‌కు పోవడానికి ఒక ట్రాలీ ఆటో కావాలన్నారు వాళ్ళు. వాసనొస్తుందని బస్సులో బుట్టలు ఎక్కనివ్వడం లేదట. అదీ ఊరికే వద్దట.

"ఊరికే ఇస్తే బండి మీద మీ పేరుంటుంది. అప్పుగా ఇస్తే తీరుస్తాం. తీర్చాక మా పేరుంటుంది" అంది దీనమ్మ. లూసీ ఒక్క ముక్క మార్చకుండా చదివింది. లెవి లేచి వెళ్ళిపోయాడు.

"అయినా నాకు అర్థంకాక అడుగుతాను," అన్నాడిప్పుడు లెవి. "దానం చెయ్యడానికి కూడా డిగ్రీ ఏమిటి? మన ఊళ్ళో ముసలమ్మలు కొంగు ముడి విప్పి కానుక వేసేవాళ్ళు. వాళ్ళు ఏ యూనివర్సిటీలో చదివారు?"

"కొంగు ముడి విప్పేవాళ్ళకు చదువు అక్కర్లేదు బావగారూ. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో చెప్పే మనలాంటివాళ్ళకే కావాలి."

"చూశావా తమ్ముడూ. మాటకు మాట."

నిజానికి ఆమెకు అడ్మిషన్ వచ్చిన రోజున కేకు తెచ్చింది ఈ లెవే. మా మరదలు దాతృత్వం, సామాజిక పెట్టుబడి అనే సబ్జెక్టులో మాస్టర్స్ చేస్తోందని చర్చి అంతా తిరిగి చెప్పిందీ ఆయనే. ఆ పేరు నోరు తిరగక జనం దానాల చదువు అంటే, అలా అనకండి, అది పెద్ద కోర్సు అని కసిరేవాడు.

ఇప్పుడు చిక్కంతా ఆఖరి సెమిస్టరు దగ్గరే వచ్చింది. లూసీ ప్రాజెక్టు ఈ చర్చి ఇచ్చే కానుకల మీదే. ఇచ్చేవాళ్ళనూ పుచ్చుకునేవాళ్ళనూ అడిగి రాయాలి. చర్చి కమిటీ సరే అంటేనే యూనివర్సిటీ సరే అంటుంది. కమిటీకి పెద్ద లెవి.

"రేపు కోత పండుగ," అన్నాడు లెవి తలుపు తీస్తూ. "మొదటి వేలం పాట కాగానే గోపురం సంగతి ప్రకటిస్తాను. తర్వాత కమిటీ కూర్చుంటుంది. ఈలోగా నీ భార్యకు నచ్చజెప్పుకుంటే సరే, లేకపోతే ఆ ప్రాజెక్టుకు మా చర్చి పేరు వాడొద్దని రాసి ఇచ్చేస్తాం. నేనీ గుమ్మం తొక్కను."

కారు దాకా వెళ్ళాడు. ఎదురింటి మెక్సికన్ పెద్దావిడ సంచులు పట్టుకుని బస్‌స్టాప్ వైపు నడుస్తోంది. లెవి కారు ఆపి అద్దం దించాడు. ఆమె నవ్వి ఎక్కింది.

ఎంత కోపంలో ఉన్నా అంతే. బరువు మోసుకుంటూ బస్సు కోసం పోయే మనిషి కనబడితే అన్నయ్య కారు దాటి పోదు. అదెందుకో కృపావరం ఎప్పుడూ అడగలేదు.

*

మధ్యాహ్నం వంటింట్లో పప్పు కుక్కరు కూసింది. లూసీ కట్టేసింది.

"పెట్టె కారులో పెట్టండి. సోమవారం లైబ్రరీలో ఇచ్చేసి, మానేస్తున్నానని చెప్పొస్తాను."

"బావగారి మీద కోపమా?"

"కాదు. మనల్ని వీసాకు పిటిషన్ వేసి ఈ దేశానికి తెచ్చుకున్న మనిషి. ఆయనతో మాటల్లేకుండా మీరు ఉండలేరు. ఈ పుస్తకాలు లేకుండా నేను ఉండగలను."

కృపావరం ఆమె తల వైపు చూశాడు. చదువుకునేటప్పుడు ముడిలో పెన్సిల్ గుచ్చుకోవడం ఆమెకు అలవాటు. ఉండగలనంటున్న మనిషి ముడిలో పెన్సిల్ ఇంకా ఉంది.

ఆ చదువు ఆమెను ఏం చేసిందో దగ్గరుండి చూసినవాడు అతను. లూసీకి ఫ్రీవే మీద నడపడమంటే భయం. సాయంత్రం క్లాసులకు అతనే తీసుకెళ్ళి తెచ్చేవాడు. దారిపొడుగునా ఆమె పాఠాలు బిగ్గరగా చదువుకునేది. డబ్బున్నవాడికి తన ఊహే లోకం అవసరంలా ఎందుకు కనబడుతుంది, ఇచ్చిన చెయ్యి వెనక్కి తిరిగి చూడకపోతే ఏమవుతుంది, ఉచితంగా ఇవ్వడం ఎప్పుడు మేలు, తిరిగొచ్చేలా పెట్టడం ఎప్పుడు మేలు. చదివింది ఆమె, విన్నది అతను. పదో తరగతి దాకా ఊరిబడి, ఆపైన పాలిటెక్నిక్ తప్ప చదువు ఎరగని కృపావరానికి ఆ కారే కాలేజీ అయింది.

మొదటి రోజు క్లాసులో ప్రొఫెసరమ్మ ఒకే ప్రశ్న అడిగిందట. ఎవరైనా మీకు ఏదైనా ఇచ్చినప్పుడు మీకెలా అనిపించిందీ అని. కోట్లు పంచే కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారట ఆ గదిలో. వాళ్ళు ఆలోచిస్తూ కూర్చుంటే, లూసీ లేచి స్వెట్టర్ల కథ చెప్పింది.

తమ చిన్నప్పుడు ఊళ్ళో మిషన్ బడికి ఏదో చలి దేశం నుంచి ఉన్ని స్వెట్టర్లు వచ్చాయి. సముద్రం ఒడ్డున, ఉప్పుగాలిలో, చెమటలు కారుతుంటే పిల్లలందరూ అవి తొడుక్కుని ఎండలో ఫోటోకు నిలబడ్డారు. నవ్వండి అన్నారు. నవ్వారు. ఆ ఫోటో వెళ్ళింది. మరుసటి ఏడు ఇంకో మూట స్వెట్టర్లు వచ్చాయి.

"ఆ స్వెట్టర్లు ఏమయ్యాయి?" అని అడిగిందట ప్రొఫెసరమ్మ.

"మా అమ్మలు ఐసుగడ్డలకు చుట్టారండీ. చేపలు చెడిపోకుండా."

గది అంతా నవ్విందట. ఆ సాయంత్రం కారులో ఆ మాట చెబుతూ లూసీ కూడా నవ్వింది. కృపావరం నవ్వలేదు. ఆ ఫోటోలో రెండో వరసలో అతనూ ఉన్నాడు. ఇంగ్లిషులో ఆ కథ అలా నిలబడి చెప్పగల మనిషి తన పక్క సీట్లో కూర్చుందన్న సంగతి, దారి చూస్తూ లోలోపలే చెప్పుకున్నాడు.

"రేపు నాకోసం ఎవరినీ బతిమాలొద్దు," అంది లూసీ పప్పులోకి పోపు వేస్తూ. "ఎవరితోనూ పోట్లాడొద్దు."

"నాకు రెండూ చేతకావు."

"అది తెలుసు."

కృపావరం పెట్టెను కారు డిక్కీలో పెట్టి పెరట్లోకి వెళ్ళాడు. కంచెకు పాకించిన సొరపాదు కింద ఒక్క కాయ నిండుగా వేలాడుతోంది. పిందెగా ఉన్నప్పుడే లూసీ దాని తొడిమకు తెల్లదారం కట్టింది. దారం కట్టిన తొలికాపు దేవుడిది, ఇంట్లో తెగకూడదు. దిబ్బపాలెంలో పద్ధతి అది. చాండ్లర్ ఇసుకలోనూ అదే పద్ధతి.

క్రిస్టీ వెనకాలే వచ్చింది. "డాడీ, నువ్వు ఎందుకు ఎప్పుడూ ఏం మాట్లాడవ్?"

"వింటున్నాను కదమ్మా."

"వినడం ఈజ్ నాట్ ఇనఫ్."

అతను తొడిమ దగ్గర కత్తి పెట్టాడు. దారం తెగకుండా కాయను కోశాడు.

*

చర్చి అంటే ఆదివారాలు అద్దెకు తీసుకునే స్కూలు కెఫెటేరియా. ఆరాధన అయింది, భోజనాలయ్యాయి. బల్లల మీద గోంగూర కట్టలు, నిమ్మకాయలు, పచ్చడి జాడీలు, మామిడి తాండ్ర, ఎవరో చేసిన సున్నుండలు. అన్నిటికీ ముందు, దారం కట్టిన సొరకాయ.

కానుకలకు వేలం పాట పెట్టేది తిరుపతయ్య అంకుల్. మారుమనసు పొంది ముప్ఫయ్యేళ్ళయినా పేరు మార్చుకోలేదేమని అడిగితే, దేవుడికి అడ్రసు తెలుసు, పేరుతో పనేముంది అంటాడు.

"అయ్యలారా, అమ్మలారా. ఊళ్ళో అయితే కోడిపుంజు ఉండేది. ఇక్కడ ఉన్నది ఫ్రీజర్ కోడి. ఒక లాభం ఉంది, పాట మధ్యలో కూత పెట్టదు." జనం నవ్వారు. "ముందు తొలికాపు సొరకాయ. కృపావరం గారి పెరటిది."

చర్చి లెవి గ్యారేజీలో మొదలైన రోజుల్లో ఆయనే పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మొదటి పాట ఎవరు గెలిస్తే, ఆ ఏటి కానుక ఏ దిక్కుకు పోవాలో వాళ్ళు చెప్పాలి. ఏటా లెవే పాడేవాడు. పెద్దాయన మీద ఎవరూ పాడేవాళ్ళు కాదు. అలా పాడగా పాడగా అది కట్టుబాటన్న సంగతే జనం మరిచిపోయారు. లెవి గారు పాడటం, లెవి గారు చెప్పడం మామూలైపోయింది.

కృపావరం మరిచిపోలేదు.

లెవి లేచి ఎప్పటిలాగే పెద్ద మొత్తం పాడాడు.

"లెవి గారి పాట. ఒకటోసారి," అన్నాడు తిరుపతయ్య, పక్కన గోంగూర కట్టను సర్దుకుంటూ. "రెండోసారి."

"దాని మీద ఒక డాలరు."

గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు అక్కడ ఎవరూ అంతగా విన్నది కాదు. కృపావరం చెయ్యి ఎత్తి ఉంది.

ఎవరో నవ్వారు. అన్నదమ్ములు ముందే అనుకున్న సరదా అనుకున్నారు. లెవి కూడా ఒక్క క్షణం అలాగే అనుకుని పెంచాడు.

"దాని మీద ఒక డాలరు."

ఈసారి నవ్వలేదు. లెవి వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. కృపావరం చెయ్యి దించలేదు, చూపూ దించలేదు. అన్న చూపుకు ఎదురు నిలవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

తమ్ముడి మీద పంతానికి పాడితే నలుగురూ నవ్వుతారు. పాడకపోతే మాట పోతుంది. లెవి మింగలేక కక్కలేక కాసేపు నిలబడి, కుర్చీలో కూర్చున్నాడు.

"మూడోసారి," అన్నాడు తిరుపతయ్య. గొంతులో హాస్యం పోయింది. "పాట కృపావరం గారిది. కానుక దిక్కు వారే చెప్పాలి."

మైకు చేతికొచ్చింది. కృపావరం లూసీ వైపు చూశాడు. ఆమె ముఖంలో సంతోషం లేదు. భయం ఉంది. ఎందుకో అతనికి తెలుసు. ఇప్పుడు ఆటో అని తను అంటే జనం చప్పట్లు కొడతారు, దీనమ్మకు బండి వస్తుంది. కానీ డబ్బుతో పాట గెలిచి, ఆ గెలుపుతో ఊరికి ఏం కావాలో తేల్చినట్టవుతుంది. నిన్నటిదాకా అన్నయ్య చేసింది అదే. ఆమె కారులో చదివిన చదువంతా దానికి విరుగుడే.

"నేను చెప్పను," అన్నాడు కృపావరం.

కుర్చీలు కదిలిన చప్పుడైంది.

"చెప్పాల్సింది నేను కాదు. మా అమ్మ పేరున ఇస్తున్నారు కాబట్టి, అమ్మ ఉంటే ఏం అడిగేదో తెలిసినవాళ్ళు చెప్పాలి. నాకు తెలియదు. అమ్మ చేపల బుట్టతో టౌనుకు పోయే వేళకు నేను బళ్ళో ఉండేవాణ్ణి. బస్సు ఆగేది, బుట్ట చూసి కదిలిపోయేది. అన్నయ్య బడి మానేసి ఒక ఏడాదంతా బుట్టకు ఒక పక్క చెయ్యి వేసి ఆమెతో నడిచాడు. దారిలో అమ్మ ఏం అనుకునేదో, ఏం కావాలనేదో అన్నయ్య ఒక్కడే విన్నాడు." లెవి వైపు తిరిగాడు. "అన్నయ్యా, నేను నీ మీద పాడింది నిన్ను ఓడించాలని కాదు. ఈ మాట నిన్ను అడగాలని. ఇంట్లో అడగడానికి నాకు నోరు రాలేదు."

అంత మాట అతను ఆ కెఫెటేరియాలో ఎన్నడూ మాట్లాడి ఉండడు. మైకు తిరుపతయ్య చేతిలో పెట్టేశాడు.

లెవి లేచాడు. నడవా మధ్యగా ముందుకొచ్చాడు. ఆయన ముఖంలో ఏముందో తెలియక దారిలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగారు. మైకు తీసుకోలేదు. బల్ల మీది సొరకాయను రెండు చేతులతో ఎత్తి, దాని తొడిమకున్న దారాన్ని చూశాడు.

"లూసీ."

"బావగారూ."

"ఆ దీనమ్మ, కట్ట కింద వీధి మేరమ్మ కూతురేనా? మేరమ్మ మాతోపాటు నడిచేది."

"ఆమె కూతురేనండీ."

"నంబరు ఇవ్వు."

లూసీ తడుముకుంటూ ముడిలోని పెన్సిల్ లాగింది. ఆరాధన క్రమం అచ్చువేసిన కాగితం వెనక రాసింది. ఇస్తూ, "అక్కడ ఇంకా తెల్లారలేదు బావగారూ," అంది.

"రేవుకు లేచే వేళే," అన్నాడు లెవి.

"ఏమని అడుగుతారు?"

లెవి ఆమె వంక చూశాడు. కోపమో, మరొకటో, ఏళ్ళ తరబడి ఆ ముఖం చదివిన కృపావరానికి కూడా అంతు చిక్కలేదు. సొరకాయను చంకన పెట్టుకుని, అద్దాల తలుపు తోసుకుని పార్కింగ్‌లోకి వెళ్ళిపోయాడు.

"పెదనాన్న మ్యాడ్‌గా ఉన్నాడా?" అంది క్రిస్టీ మెల్లగా.

రెండో పాట మొదలుపెట్టాలా వద్దా అన్నట్టు తిరుపతయ్య గోంగూర కట్ట పట్టుకుని నిలబడ్డాడు. లూసీ పెన్సిల్ మళ్ళీ ముడిలో పెట్టుకోలేదు, గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది.

అద్దాల అవతల లెవి తన కారు పక్కన నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు సర్దుకున్నాయి. అవతల ఎవరో ఎత్తి ఉంటారు. కృపావరం అన్నయ్య పెదాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ పెదాలు ఒకసారి కదిలాయి. ఆ తర్వాత ఎంతసేపటికీ కదలలేదు.

లెవి వింటున్నాడు.